తొడిమలు

అరండల్‌పేటలో జిరాక్స్ షాపు పైన
రెండో అంతస్తు.
మెట్ల నిండా చెప్పులు.
ఇరవై ముగ్గురం, రెండు ఫ్యాన్లు, తిరిగేది ఒకటే.
ఫీజు పద్దెనిమిది వేలు, రెండు వాయిదాలు.
మొదటిది అమ్మ పాడిన చీటీ.
రెండోది ఇంకా ఎండుతోంది
యార్డు వెనక పట్టాల మీద.

జిలానీ సార్ మొదటి రోజే బోర్డు మీద రాశాడు:
రాయనిది జరగనట్టే.
డాక్టరు రాస్తేనే జబ్బు,
మీకు తెలిసినా తెలియనట్టే.
ఆరేళ్లు ఫిజియోథెరపీ చేసి వచ్చిన మరియదాసు
వెనక బెంచీ నుంచి, మరి మా కళ్లెందుకు సార్, అన్నాడు.
సార్ నవ్వలేదు.
చదవడానికి.

పాత పుస్తకం, సగం ధరకి.
నా కంటే ముందు దీన్ని చదివినామె ఎవరో
గుండె దాకా పసుపు రంగు పూసి
మూత్రపిండాల దగ్గర ఆపేసింది.
పెళ్లో, ఉద్యోగమో, విసుగో.
అక్కణ్ణుంచి తెల్ల కాగితాల్లో
నేనొక్కదాన్నే నడిచాను.

ఎముకల పేర్లు రాత్రిపూట అమ్మ మీదే బట్టీ పట్టాను.
మోచేతికి పైన వేలు పెట్టి, ఇదేంటే, అనేది.
హ్యూమరస్ అంటే
పేరు బాగుంది, నొప్పి మాత్రం పాతదే, అనేది.

నంబర్లు మాకు కొత్త కాదు.
మా ఇంట్లో మిరపకాయ అంటే
మూడొందల ముప్పై నాలుగు, మూడొందల నలభై ఒకటి.
తేజకి పేరుంది, దానికా పొగరూ ఉంది.
కళ్లు మూసుకుని వాసనతో చెబుతుంది అమ్మ ఏది ఏదో.
నాకూ చార్టు వాసన పట్టుబడింది,
డాక్టరు వాక్యాలకి తొడిమలు తీసి
కాయ మాత్రం గంపలో వేయడం.

కుడికి ఒకటి, ఎడమకి రెండు,
ఏ వైపో తెలియకపోతే తొమ్మిది.
తొమ్మిది పెట్టారా, బిల్లు వెనక్కొస్తుందని బెదిరింపు.
ఆవు కుమ్మితే ఒక కోడు, బాతు పొడిస్తే ఒక కోడు.
బాతు దగ్గర క్లాసంతా నవ్వాం.

ఒక రాత్రి పేజీలో వేలు ఆగింది.
ఎల్ ఇరవై నాలుగు పాయింట్ ఆరు.
తినే వస్తువు తగిలి చర్మం మండటం.

అమ్మకి యార్డులో ఇరవై రెండేళ్లు.
నా జడ ఎప్పుడూ పక్కింటి ఖైరున్నీసా వేసేది.
నేనేడిస్తే అమ్మ మోచేత్తో తుడిచేది,
వేళ్లు దూరంగా, గాలిలో పెట్టి.

ఆ కోడు పక్కన పెన్సిల్‌తో రాశాను, నాగరత్తమ్మ.
వెంటనే చెరిపేశాను.
ఏ డాక్టరూ రాయలేదు కదా.

పరీక్ష మొదటిసారి నాలుగు మార్కుల్లో పోయింది.
రెండోసారి పోలేదు.
ఉద్యోగం బెజవాడలో, బెంజి సర్కిల్ దగ్గర,
తెల్లారుజాము బస్సు, పదమూడు వేలు,
నూటికి తొంభై ఐదు తప్పులేకుండా ఉంటేనే ఉంచుతారు.
మొదటి వారం ఎనభై ఎనిమిది.
బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను,
నా వేళ్లతోనే తుడుచుకున్నాను.

మూడో వారం ఒక చార్టు.
పేరుండదు. స్త్రీ, యాభై ఒకటి.
చేపలు శుభ్రం చేసే పని, రెండు చేతులూ.
ఎన్నేళ్లుగా, ఏ వేళ్ల సందుల్లో,
నిద్ర పడుతోందా లేదా,
అక్కడి డాక్టరు పదకొండు లైన్లు రాశాడు.
కోడు నాకు కంఠతా వచ్చు.
గంటకి పద్దెనిమిది చార్టులు అవ్వాలి.
దాని ముందు నాలుగు నిమిషాలు కూర్చుండిపోయాను.

మొదటి జీతానికి అమ్మని కొత్తపేట తీసుకెళ్లాను.
డాక్టరు తలెత్తకుండా పూత మందు రాశాడు.
జబ్బు పేరు కూడా రాయండి సార్, అన్నాను.
ఎందుకమ్మా?
రాయండి.
రెండు మాటలు, కోడిగీతల్లో.

బయట ఎండలో
చీటీని తలకిందులుగా పట్టుకుని చూస్తూ
అమ్మ అడిగింది,
అయితే ఇప్పుడు జరిగినట్టేనా?

ముందు ఆటో ఎక్కు, అన్నాను.